శనివారం మాత్ర

జూన్ 7, శనివారం

పొద్దంతా ఉక్కపోత. సాయంత్రం నాలుగు చినుకులు పడి, మట్టి వాసన లేపి పోయాయి. నీళ్ల డ్రమ్ము బోర్లించి కడిగాను. అడుగున పాచి. పెళ్లైనప్పటి నుంచీ బాలమణి చేసే పని ఇది. ఇప్పుడు నాది.

ఆమె గడప మీద కూర్చుని చూస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, ఎవరివో తెచ్చి పెట్టుకున్నట్టు. వేళ్ల మొదళ్లు ఉబ్బి ఉన్నాయి. మణికట్లు కూడా. పొద్దున లేచాక ఎండ వాకిట్లోకి వచ్చేదాకా పిడికిలి బిగియదు.

"గా మూలకు రుద్దలే. పాచి అట్లనే ఉన్నది."

రుద్దాను.

ఇవాళ వారం మందు రోజు. రోజూ వేసుకునే చిన్న మాత్ర వేరు, ఇది వేరు. వారానికి ఒక్కసారే. అసలు పని చేసేది ఇదే అన్నారు. గిన్నెలో తీసి దేవుని గూటి పక్కన పెట్టి పప్పు మిల్లు లెక్కలు చూడ్డానికి పోయాను. వచ్చేసరికి గిన్నె ఖాళీ.

మూడో నెల నడుస్తోంది. ఇప్పటికి గుణం కనిపించాలి. కనిపించడం లేదు. రేపు వికారాబాద్.

జూన్ 8, ఆదివారం

ప్యాసింజరు ఆలస్యం. కీళ్ల డాక్టరమ్మ నెలకో ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చి వికారాబాద్‌లో కూర్చుంటుంది. బెంచీ మీద సేడం వైపు ముసలమ్మ ఒకామె, కన్నడం. బాలమణికి సగం అర్థమవుతుంది. ఇద్దరూ చేతులు చాపి పక్కపక్కన పెట్టి చూసుకున్నారు — గాజులు చూసుకున్నట్టు.

డాక్టరమ్మ ఒక్కో కణుపూ నొక్కింది. బాలమణి పళ్లు బిగించింది.

"జొన్నరొట్టెలు చేస్తున్నారా?"

"మొన్న రెండు చేసిన మేడం. సగంలనే ఇరిగినయి."

మొదట ఇచ్చిన స్టెరాయిడ్ ఆపాక వాపు మళ్లీ వచ్చింది. వారం మందు మోతాదు పెంచింది. ఇంకో నెల చూద్దాం అంది.

లేచి వస్తూ అడిగాను, లోపల ఇదంతా ఎవరు చేస్తున్నారని. డాక్టరమ్మ నా మొహం చూసింది. చీటీ వెనక బొమ్మ గీసింది. రెండు ఎముకలు, మధ్య సందు, చుట్టూ పల్చటి పొర. "ఆవిడ రక్షణ కణాలే. రోగాల మీదికి పోవాల్సినవి ఈ పొరలోకి వచ్చి కూర్చున్నాయి. వాటికి శత్రువు ఎవరో తెలియడం లేదు."

ఆ చీటీ జేబులోనే ఉంది.

స్టేషన్ రోడ్డులో పాత పుస్తకాల బండి మీద ఇంటర్ జీవశాస్త్రం దొరికింది. అట్ట లేదు.

రైల్లో బాలమణి — "నాకు నొస్తే నీకు సదువు మొదలైంది."

జూన్ 10, మంగళవారం

మిల్లులో కందులు నానబెట్టే తొట్టి బాగు చేయించాను. లెక్కలు రాసుకున్నాక పుస్తకం తీశాను. పదితో ఆగినవాణ్ణి. ఒక పేజీకి సాయంత్రమంతా పట్టింది. అర్థం కానివి ఫోనులో వెతికాను.

టి కణాలు. తెల్ల కణాల్లో ఒక జాతి. మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉన్న థైమస్ అనే గ్రంథికి పోతాయి. అక్కడ పరీక్ష. సొంత ఒంటిని చూసి ఊరుకుంటావా, ఎగబడతావా? ఎగబడేవాటిని అక్కడే చంపేస్తుంది ఒళ్లు. కొన్ని తప్పించుకుంటాయి. అందరిలోనూ.

అయితే నాలోనూ ఉన్నాయి. నావి ఊరుకున్నాయి. ఆమెవి ఎందుకు ఊరుకోలేదు…

జూన్ 13, శుక్రవారం

తల దువ్వమంది. ఎప్పుడూ అడగలేదు. దువ్వెన పట్టుకోవడం నాకూ రాదు. పాపిడి తీస్తే వంకర పోయింది.

"గొర్ల ఉన్ని దువ్వినట్టు దువ్వుతున్నవ్. మా నాయిన నయం."

జడ రాలేదు. ముడి వేశాను. అద్దంలో చూసుకుని, అదే ముడితో అంగడికి పోయింది.

జూన్ 14, శనివారం

మాత్ర గిన్నెలో పెట్టాను. ఆమెకు ఒక్కపొద్దు. వాన లేదు.

జూన్ 18, బుధవారం

బంట్వారం వదిన వచ్చింది. బాలమణికి అక్క, తల్లి లెక్క. సంచి నిండా వావిలాకు తెచ్చింది. నీళ్లలో మరిగించి, బట్ట ముంచి కాపడం పెట్టింది. ఇల్లంతా ఆకు వాసన.

"ఏమయ్యా, ఇంగ్లీషు మందు ఎన్ని దినాలు తినిపిస్తవ్? వాతం ఇది. మా అత్తకు గిట్లనే ఉండె."

"వాతం కాదు వదినా. రక్తంల…"

"రక్తంల ఏమున్నది?"

చెప్పడం మొదలుపెట్టాను. టి కణాల దగ్గరే ఆగిపోయాను. వదిన బాలమణిని చూసి నవ్వింది. "నీ మొగడు డాక్టర్ అయిండే!"

కాపడం పెట్టాక రెండు గంటలు హాయిగా ఉందట. ఉండనీ.

జూన్ 22, ఆదివారం

ఎడతెగని ముసురు. మిల్లు లేదు. చదివాను.

టి కణాలు ఒంటరిగా ఏమీ చేయవు. బి కణాలను ఎగదోస్తాయి. బి కణాలు ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి — క్రిమిని పట్టుకునేవి. బాలమణి రక్తంలో అవి సొంత మాంసకృత్తులనే పట్టుకుంటున్నాయి. రిపోర్టులో ఉన్న పెద్ద అంకె అదే. మందు మొదలుపెట్టిన రోజు డాక్టరమ్మ దాని కింద గీత గీసింది. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

ఇంకొకటి. పట్టుకునేది మామూలు మాంసకృత్తిని కాదు, కొంచెం రూపు మారినదాన్ని. పొగ, దుమ్ము, చిగుళ్ల జబ్బు… వీటివల్ల కొన్నిసార్లు రూపు మారుతుందంటారు. సొంతదే, కానీ గుర్తుపట్టలేని సొంతది.

దుమ్ము. ఆమె పుట్టిల్లు బండల పాలిష్ మిషన్ల పక్కనే. తెల్లగా పేరుకునేది దుమ్ము ఆకుల మీద, బువ్వ మీద. నేను రోజూ మిల్లు నుంచి పొట్టు దులుపుకుంటూ వస్తాను. ఏది? రెండూనా? ఏదీ కాదా?

వాకిట్లో కూర్చుని చొక్కా దులుపుకున్నాను. తర్వాత విడిచి అక్కడే ఉతికాను.

"ఏమైంది నీకు?" అంది బాలమణి.

ఏమీ కాలేదన్నాను.

జూన్ 24, మంగళవారం

మిల్లులో రంగు చూసి పప్పు ఏరే మిషను మంచి పప్పును పక్కకు నెట్టేస్తోంది. నల్ల పప్పు, పురుగు పప్పు కనిపిస్తే గాలి ఊది తోసేయాలి. ఇవాళ బంగారం లాంటి పప్పు చెత్త గోనెలో పడుతోంది. మిషను నడిపే ఖాజా దాని పక్కన నేల మీద కూర్చుని గింజలు అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు.

"మిషన్ ఖరాబైందా?"

"మిషన్ మస్తున్నది మునీం సాబ్. పప్పు గూడ మంచిదే. జర తడి తాకి రంగు ఫరక్ అయింది. దీని కంటికి ఇప్పుడు ఇది చోర్."

"మరి ఎట్ల?"

"బంద్ చేస్తె అసలు చోర్లు గూడ లోపలికొస్తరు. చెయ్యొద్దు. జర నరమ్ చెయ్యాలె." ఒక మీట కొంచెం తిప్పాడు. చూశాడు. ఇంకొంచెం తిప్పాడు.

వారం మందు చేసేది అదే. కణాలను చంపడం కాదు, మెత్తబరచడం. డాక్టరమ్మ చెప్పినప్పుడు అంతుపట్టలేదు. ఖాజాకు చెప్పాను, మా ఇంట్లో ఇదే కథ అని.

"భాభీకి చెప్పు, ఖాజా వచ్చి మీట తిప్పుతడని."

చాలా రోజులకు నవ్వాను.

జూన్ 27, శుక్రవారం

కరణ్‌కోట నుంచి వచ్చే సాయంత్రం బస్సు దిగినవాళ్లు ఇద్దరు ఇంటికే వచ్చారు. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు. మూల మీద బాలమణి పొయ్యి పెట్టినన్నాళ్లూ ఆమె రొట్టె తిన్నవాళ్లు.

"అక్కా, ఎప్పుడు పెడ్తవే పొయ్యి? మెస్సుల చపాతి తిని తిని నోరు సచ్చిపోయింది."

"వచ్చే నెల పెడ్త తమ్మీ."

వాళ్లు పోయాక పిండి కలిపింది. నేను వద్దనలేదు. వేడినీళ్లు పోసి కలపడం దాకా బాగానే ఉంది. తట్టడం మొదలుపెట్టింది. ఎడమ చేయి తిప్పాలి, కుడి చేయి తట్టాలి. కుడి చేయి పడుతోంది, బలం పడటం లేదు. అంచులు చీలాయి. ఎత్తబోతే మధ్యకు విరిగింది.

విరిగిన ముద్దను మళ్లీ కలిపింది. మళ్లీ విరిగింది.

పీట కాలితో నెట్టింది. నేను అటు చూడలేదు.

జూన్ 28, శనివారం

మాత్ర పెట్టాను. గిన్నె ఖాళీ అయింది. ఎందుకు పని చేయడం లేదు మరి?

జూలై 3, గురువారం

ఇది చదవకుండా ఉండాల్సింది.

భక్షక కణాలు — క్రిములను మింగేవి — కీలు పొరలో చేరి టీఎన్‌ఎఫ్ అనే రసాయనం వదులుతాయి. అది పిలుపు. పిలుపుకు ఇంకా కణాలొస్తాయి, అవి ఇంకా పిలుస్తాయి. పల్చటి పొర మందమై, పాకి, మెత్తటి ఎముక మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత ఎముకను కరిగించే కణాలు లేస్తాయి. మామూలుగా అవి పాత ఎముక తీసి కొత్తదానికి చోటిచ్చే పనివాళ్లు. ఇక్కడ తీయడమే. కట్టేవాళ్లు రారు.

తిన్నది తిరిగి రాదు. పుస్తకంలో ఒక్క వాక్యం.

ఆమె అన్నం కలుపుకుంటుంటే చూడలేకపోయాను. ఇప్పుడు, ఈ నిమిషం, ఆ వేలి లోపల…

జూలై 5, శనివారం

మాత్ర. ఒక్కపొద్దు. గాలివాన.

జూలై 9, బుధవారం

నిద్ర పట్టడం లేదు. మిల్లు లెక్కలో కూడిక రెండుసార్లు తప్పాను. సేటు చూసి ఊరుకున్నాడు.

జూలై 13, ఆదివారం

అంతా రాయాలి. వరస తప్పకుండా.

రక్త పరీక్షలో వాపు అంకె దిగలేదు, పెరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి, బాలమణి చేతులు చూసి, మళ్లీ కాగితం చూసింది. "ఇంత మోతాదుకు అసలు కదలిక లేకపోవడం… వాంతులు, నోట్లో పుండ్లు ఏమన్నా?"

"ఏం లేవు మేడం. మంచిగనే ఉన్న."

అయితే సూది మందుకు పోవాలంది. ఆ టీఎన్‌ఎఫ్‌ను పట్టి ఆపే మందు. కానీ ముందు టీబీ పరీక్ష. ఎందుకో చెప్పింది. కొందరిలో టీబీ క్రిములు నిద్రపోతూ ఉంటాయి. భక్షక కణాలు చుట్టూ చేరి గోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడను నిలబెట్టేది కూడా టీఎన్‌ఎఫే. దాన్ని ఆపితే గోడ వదులవుతుంది. "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా?"

బాలమణి చెప్పలేదు. నేను చెప్పాను. ఆమె నాయినకు. గొర్లు కాసేవాడు. అనంతగిరి గుట్ట మీది దవాఖానలోనే పోయాడు, ఆమె చిన్నప్పుడు.

ఛాతీకీ చేతులకూ ఎక్స్‌రే, చర్మం పరీక్ష రాసిచ్చింది.

రైల్లో ధారూర్ దాటాక బాలమణి —

"గా సూది వద్దు నాకు."

"పరీక్షలు అయినంక చూద్దాం."

"మందు పని చేస్తలేదనే కద సూది?"

"అవ్."

"మందు ఎట్ల పని చేస్తది, నేను ఏస్కుంటే కద."

కిటికీ ఊచ పట్టుకున్నాను. బండి ఊగుతోంది.

"శనివారం ఒక్కపొద్దు నాది. చేతులు బాగు కావాలెనని మొక్కిన. మొక్కిన దినం మందు ముట్ట అన్న. శ్రావణం ఎల్లేదాంక."

"రోజు ఏస్కునే చిన్న గోళీ?"

"గది ఏస్కుంటున్న. శనివారం ఒక్కటే బంద్."

చిన్న గోళీ విటమిను. పెద్ద మందు కడుపుకు చేటు చేయకుండా ఇచ్చేది. చేటు చేసే మందే లోపలికి పోలేదు.

ఎదురు సీట్లో మిరపకాయల గంప పెట్టుకున్న ఆమె ముందుకు వంగింది. "ఏ దేవునికి మొక్కినవక్కా?"

"ఎంకన్నకు."

"మంచి మొక్కు. మా ఆడిబిడ్డ గూడ గదే మొక్కింది, బిడ్డ పుట్టిండు."

ఇద్దరూ మొక్కుల మాటల్లో పడ్డారు. నేను కిటికీలోంచి చూశాను. కంది చేలు మొలకెత్తాయి. ఒక్కటి కూడా కంటికి ఆనలేదు.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"నువ్వు అడిగినవా?"

"గిన్నె ఖాళీ అయితుండె కద."

"గిన్నె ఖాళీ అయితే మింగినట్టేనా? నా కీళ్లల్ల ఏమైతున్నదో నీకు ఎర్క, పుస్తకం సూసి. నా నోట్లె ఏం పడుతున్నదో ఎర్క లేదు."

దేవుని గూట్లో పటం వెనక చేయి పెట్టి పసుపు గుడ్డ మూట తీసింది. మాత్రలు. "ఆయనకే అప్పజెప్పిన. ఆయనే సూస్కుంటడని." ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. లెక్కలు రాసే మనిషిని, అయినా పెట్టలేదు.

"ఇయ్యన్ని ఇప్పుడే మింగేస్త. సరిపోతది."

వద్దన్నాను. ఆమె వినలేదు, ముడి పంటితో విప్పుతోంది. అవన్నీ ఒక్కసారి పడితే మూలుగే ఎండిపోతుంది, మనిషే దక్కదు — అది చదివాను, అది నాకు తెలుసు. చేయి పట్టి గుంజాను.

అరిచింది. ఆ మణికట్టే.

మూట కింద పడింది. ఇద్దరం కింద కూర్చుని ఏరాం. ఆమె వేళ్లకు మాత్రలు అందడం లేదు, నేల మీద జారుతున్నాయి. నేనే ఏరాను. ఆమె ఆ మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఎంతసేపు కూర్చుందో.

జూలై 14, సోమవారం

మూట మందుల దుకాణంలో ఇచ్చి పారేయమన్నాను. వికారాబాద్ క్లినిక్‌కు ఫోన్ చేసి కాంపౌండర్‌కు విషయం చెప్పాను. మధ్యాహ్నం డాక్టరమ్మే చేసింది. గోదాము వెనక్కి పోయి మాట్లాడాను.

అంతా విని — "మేం అందరికీ శనివారమే రాస్తాం. గుర్తుంటుందని. ఒక్కపొద్దు ఉందా అని నేనూ అడగలేదు." కోపం వచ్చింది, ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

బుధవారానికి మార్చింది. పోయినవి కలిపి వేయొద్దు. వారానికి ఒక్కసారి — మూడుసార్లు చెప్పించింది నాతో. ఒక్కసారిగా పెద్ద మోతాదు వద్దు, మొదటి నుంచి మొదలుపెట్టాలి. సూది మాట తర్వాత. చేతుల ఎక్స్‌రే మాత్రం ఆగొద్దు.

"ఇన్ని నెలలు మందు లేకుండానే ఉన్నారు కదా. ఎముక ఎలా ఉందో చూడాలి."

జూలై 15, మంగళవారం

ఎక్స్‌రే తీయించాను, తాండూరులోనే. ఫిల్ము ఎండకు ఎత్తి చూశాను. నల్లటి దాంట్లో ఆమె చేతులు. గాజులు తీయలేకపోయారు, వాటి నీడలు కూడా పడ్డాయి.

కుడిచేయి ఉంగరపు వేలి మొదట్లో అంచు మీద చిన్న నొక్కు. ఎలుక కొరికినట్టు.

ఫోటో తీసి పంపాను. జవాబు — "మొదలైంది. ఒక్కచోటే. ఇక్కడ ఆపగలమేమో చూద్దాం."

బాలమణి ఫిల్ము తీసుకుని చూసింది. "ఇదేనా నా చెయ్యి? మంచిగనే ఉన్నది కద."

నొక్కు చూపించలేదు.

జూలై 16, బుధవారం

నా ఎదుట మింగింది. నోరు తెరిచి చూపించింది, పిల్లలు చూపించినట్టు. "సూస్కో. నాలిక కింద గూడ సూడు."

చూశాను. కావాలనే చూశాను. ఆమె నవ్వలేదు.

జూలై 19, శనివారం

వదిన వచ్చింది. ఈసారి మాట్లాడాలనుకున్నాను, గట్టిగానే. మొక్కిన రోజు మందు ముట్టొద్దని నేర్పింది ఆమేనని మొన్న బాలమణి అంది. వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే బాలమణి అంతా చెప్పేసింది — రైలు, మూట, ఎక్స్‌రే.

వదిన గడప మీదే కూలబడింది. "నేను నొప్పుల గోళీల సంగతి అనుకున్ననే. గిదొక్కటే అసలు మందని నాకేమెర్క?"

మంచినీళ్లు తెచ్చిచ్చాను.

బాలమణి అడిగింది, ఇప్పుడు మొక్కు చెడినట్టా అని. అక్కనే అడిగింది, నన్ను కాదు. అదే అడగాల్సిన ప్రశ్న ఆమెకు. ఎముక సంగతి కాదు.

వదిన తాగిన చెంబు పక్కన పెట్టింది. "చెడుడేంది. శనివారం దేవుడు సూస్కుంటడు. బుధవారం డాక్టరమ్మ సూస్కుంటది. ఇద్దరికి చెరో దినం. కొట్లాట లేదు."

నాకు ఇలాంటి వాక్యం జన్మలో రాదు.

జూలై 24, గురువారం

"కడుపుల తిప్పుతున్నది. అన్నం వాసన పడ్తలేదు."

పొద్దంతా పడుకుంది. మందు పడింది. లోపలికి పోయింది, పని మొదలుపెట్టింది. సంతోషమేసింది. నిమ్మకాయ కోసి ఉప్పద్ది ఇచ్చాను. మొహంలో కనిపించిందో ఏమో —

"నాకు వాంతులైతుంటే నవ్వుతున్నవా?"

ఆగస్టు 1, శుక్రవారం

కొత్తగా తెలిసినవి రెండు.

ఒకటి. ఆపే కణాలు కూడా ఉన్నాయి. టి కణాల్లోనే ఒక రకం. ఇక చాలు అని మిగతావాటికి చెప్పడమే వాటి పని. ఈ జబ్బులో అవి చేతకాకుండా పోతాయి. ఉంటాయి, మాట చెల్లదు.

రెండు. జ్ఞాపక కణాలు. ఒకసారి శత్రువని ముద్ర వేసినదాన్ని మరిచిపోవు. వాపు పోయినా, నొప్పి పోయినా, అవి ఉంటాయి. మందు ఆపితే లేస్తాయి. అంటే బాగు కావడమంటే వాటిని నిద్రపుచ్చడం. మరిపించడం కాదు.

ఈ రెండోది ఆమెకు ఎలా చెప్పాలి? బాగైతే ఆపేయొచ్చు అనుకుంటోంది.

ఆగస్టు 10, ఆదివారం

వికారాబాద్. కాలేయం పరీక్ష బాగానే ఉంది. వాపు అంకె — కొంచెం. దిగిందని చెప్పేంత కాదు. "తొందరపడొద్దు. సెప్టెంబర్‌లో తేలుద్దాం. అప్పటికీ దిగకపోతే టీబీ పరీక్ష, సూది. ఎముకను వదిలేసి కూర్చోలేం."

బాలమణి తల ఊపింది. బయటికొచ్చాక చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"గుట్ట మీద మా నాయిన దగ్గుతుంటే మా అవ్వ నన్ను దగ్గరికి పోనియ్యలే. దూరంకెల్లి చెయ్యి ఊపెటోడు."

ఇన్నేళ్లలో మొదటిసారి చెప్పింది.

ఆగస్టు 13, బుధవారం

మాత్ర. నోరు చూపించలేదు. నేను అడగలేదు.

ఆగస్టు 23, శనివారం

శ్రావణం ముగిసింది. గుడికి పోయాం. కొబ్బరికాయ నేను కొట్టాను. ఆమె దండం పెట్టింది. పక్కనుంచి చూశాను — అరచేతులు పూర్తిగా ఆనడం లేదు, మధ్యలో సందు. మణికట్టు వెనక్కి వంగదు. అలాగే చాలాసేపు నిలబడింది.

ఏం మొక్కుకున్నావని అడగలేదు.

"మల్ల మొక్కలే," అంది మెట్లు దిగుతూ. "ఫికర్ చెయ్యకు."

ఆగస్టు 30, శనివారం

మూల మీద ఎవరో కొత్తామె రొట్టెల పొయ్యి పెట్టింది. బాలమణి చోటులోనే. కరణ్‌కోట బస్సు దిగినవాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఇంటికి తిరిగి వస్తూ చూశాను. ఆమెకు చెప్పొద్దనుకున్నాను.

ఆమె అప్పటికే పోయి చూసి వచ్చిందట.

"పిండి సల్లనీళ్లతోటి కలుపుతున్నది. గట్ల ఇరగక ఏమైతది."

"చెప్పినవా?"

"నేనెందుకు చెప్త?"

కొంగు దులుపుకుని — "రేపు చెప్త తియ్యి."

ఆ తర్వాత వాకిట్లో కూర్చుని ఉత్త పీట మీద చేయి తిప్పుతోంది. పిండి లేదు. ఊరికే తిప్పుతోంది. నన్ను చూసి ఆపింది.

సెప్టెంబర్ 4, గురువారం

పొద్దున ఎండ వాకిట్లోకి రాకముందే చెంబు పట్టుకుంది. నేను చూశాను. నిజంగా చూశానా, చూడాలనుకున్నానా? ఇద్దరం ఏమీ అనుకోలేదు. అంటే పోతుందేమోనని.

ఉంగరపు వేలు మాత్రం అలాగే ఉంది, కొంచెం పక్కకు.

సెప్టెంబర్ 7, ఆదివారం

మిల్లులో ఖాజా అడిగాడు, మీట పనిచేసిందా అని. తెలీదన్నాను. "తెలీదంటే మంచిదే మునీం సాబ్. ఖరాబైతే జల్దీ తెలుస్తది."

అది ధైర్యం కోసం అన్న మాట. పొద్దంతా పట్టుకుని తిరిగాను.

సెప్టెంబర్ 10, బుధవారం

తెల్లారకముందే వాన. సాయంత్రాలు రాసేవాణ్ణి, ఇవాళ పొద్దున్నే కూర్చున్నాను. మిద్దె మీద కారే చోటు చూడాలి. తర్వాత చూస్తాను.

ఆదివారం వికారాబాద్. సూదా, మాత్రేనా, ఆదివారం తేలిపోతుంది.

లేచేసరికి పక్కన బాలమణి లేదు. వంటింట్లో నీళ్లు మరుగుతున్నాయి. పిండి డబ్బా మూత చప్పుడు. ఆ మూత బిగువు, నేనే తీస్తాను రోజూ. పిలవలేదు.

లేచి రెండడుగులు వేశాను.

"లోపటికి రాకు. నువ్వొస్తె నా చేతులే సూస్తవ్."

వచ్చి కూర్చున్నాను. కలం పట్టుకున్నాను కానీ వింటున్నాను. కలుపుతోంది. ఆగింది. మళ్లీ. పీట జరిపిన చప్పుడు. తట్టడం మొదలైంది. ఇదివరకటి వేగం లేదు. ఒకటి… ఒకటి… మధ్యలో ఖాళీలు. ఖాళీల్లో వాన వినిపిస్తోంది. ఎడమ చేయి తిప్పుతోందా? తిప్పకపోతే ఒకచోటే పడుతుంది, చప్పుడు మారుతుంది. మారడం లేదు. కుడి చేయి — బలం ఉందో లేదో ఇక్కడినుంచి తెలియదు.

జూన్‌లో ఈపాటికే అంచులు చీలాయి. ఇవాళ ఆపలేదు. ఇంకా తడుతోంది. రొట్టె వెడల్పు అవుతుంటే చప్పుడు పల్చబడుతుంది, అది నాకు తెలుసు. పల్చబడుతోంది.

ఆగింది.

ఇప్పుడు రెండు చేతులతో ఎత్తాలి. మణికట్లు తిప్పి పెనం మీద వేయాలి. వేశాక పైన తడి రాస్తుంది, చుయ్యిమంటుంది. అది వినిపించాలి ఇప్పుడు. ఇంకా వినిపించలేదు. వింటున్నాను.